బోరాన్‌ను మండించబోయి

నేను మూడేళ్ళపాటు బోరాన్‌ను మండించడానికి ప్రయత్నించాను. మండలేదని చెప్పలేను. మండింది, కాని మండవలసిన చోట, మండవలసినంత మండలేదు. ఆ మూడేళ్ళూ గడిచాక పరిశోధన వదిలిపెట్టి వేరే ఉద్యోగంలో కుదురుకున్నాను. ఆ సంగతి ఎవరితోనూ పెద్దగా మాట్లాడను. మొన్న ఒక మిత్రుడు "జెట్ ఇంజన్లలో లోహాలను కూడా ఇంధనంగా వాడతారట, నిజమేనా?" అని అడిగాడు. నిజమేనని చెప్పి ఊరుకోవచ్చు. కాని ఆ రాత్రి నిద్ర పట్టలేదు. వ్రాసి దింపుకోవడమే మేలనిపించింది.

లోహం మండటం మనకు కొత్త కాదు. కాకరపువ్వొత్తిలో రాలే తెల్లని పువ్వులు అల్యూమినియం పొడివి, ఎర్రగా చిట్లే రవ్వలు ఇనుపరజనువి. బడిలో సైన్సు మాస్టారు మెగ్నీషియం తీగను పట్టకారుతో పట్టుకుని అంటించినప్పుడు "సూటిగా చూడకండిరా" అని అరవడం మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. శ్రీహరికోట నుంచి పీఎస్ఎల్‌వీ లేచేటప్పుడు కింద పరుచుకునే దట్టమైన తెల్లని పొగలో ఎక్కువ భాగం మండిన అల్యూమినియమే. అయితే రాకెట్టు తనకు కావలసిన ఆక్సిజన్‌ను తానే మోసుకుపోతుంది. జెట్ ఇంజన్ అలా కాదు. దారిలో దొరికిన గాలిని మింగుతూ, ఆ గాలితోనే ఇంధనాన్ని మండించుకుంటూ పోవాలి. లోహాల విషయంలో చిక్కంతా అక్కడే మొదలవుతుంది.

ముందు ఆశ ఎక్కడిదో చెప్పాలి. కిలో కిరోసిన్ మండితే సుమారు 43 మెగాజౌళ్ళ వేడి వస్తుంది. కిలో బోరాన్‌కు 58 పైమాట. ఇది అంత గొప్ప తేడా కాదు. కాని క్షిపణిలో బరువుకన్నా చోటుకే కరువు ఎక్కువ. లీటరు చొప్పున లెక్కవేస్తే కిరోసిన్ సుమారు 35 మెగాజౌళ్ళు, అల్యూమినియం 84, బోరాన్ 137. అదే డబ్బాలో దాదాపు నాలుగింతల శక్తి! బోరాన్ నిజానికి లోహం కాదు, లోహాలకూ అలోహాలకూ నడుమ గట్టుమీద కూర్చున్న అర్ధలోహం. అయినా ఈ వ్యవహారంలో దానిని లోహాల పంక్తిలోనే కూర్చోబెడతారు. బెరీలియం కూడా లెక్కల్లో ఘనంగానే కనిపిస్తుంది గాని దాని పొగ ఊపిరితిత్తులను తినేస్తుంది కనుక దానిని పక్కన పెడదాం.

మూడో లెక్క ఒకటుంది. నాకు అన్నిటికన్నా అందంగా తోచేది అదే. ఇంజన్ మింగగలిగే గాలికి ఒక హద్దుంది గదా, ఆ గాలిలోని ఒక కిలో ఆక్సిజన్‌ను ఖర్చుపెట్టి ఎంత వేడి రాబట్టగలం? కిరోసిన్‌తో అయితే 12 లేక 13 మెగాజౌళ్ళు. బోరాన్‌తో 26. మెగ్నీషియంతో 37. బరువు లెక్కలో కిరోసిన్ ముందు తలదించుకునే మెగ్నీషియం, గాలి లెక్కలో దానికి మూడింతలు నిలుస్తుంది. అంతా ఒత్తిడిగా మారదనుకోండి. లోహం మండగా వచ్చేది వాయువు కాదు, బూడిద. బూడిద వ్యాకోచించదు, ఇంజన్‌ను నెట్టదు. అయినా ఆ అంకెలను తొలిసారి నోటుపుస్తకంలో వేసుకున్న రోజున నాకు లాటరీ తగిలినట్లే అనిపించింది.

నాకే కాదు. నాకన్నా ఎంతో ముందు, ఎంతో గొప్పవాడికి కూడా అలాగే అనిపించింది. ఆయన ఫ్రీడ్రిఖ్ త్సాందెర్. 1887లో రీగాలో పుట్టాడు. కూతురికి ఆస్ట్రా అనీ కొడుక్కి మెర్క్యురీ అనీ పేర్లు పెట్టుకున్నాడంటే మనిషి ఎటువంటివాడో ఊహించుకోవచ్చు. గ్రహాంతర యానం గురించి 1924లో మాస్కోలో ఆయన ఒక వ్యాసం ప్రచురించాడు. అందులోని ఊహ ఇది: వాయుమండలంలో ఉన్నంతసేపూ విమానంలా రెక్కలతో ఎగరాలి. గాలి పలచబడ్డాక రెక్కలతో ఇక పని లేదు. పని లేని రెక్కలను పారవేయడమెందుకు? లోపలికి లాక్కుని, మూసలో కరిగించి, ఇంధనంగా మండించుకోవచ్చు! తన రెక్కలను తానే తింటూ పైకి పోయే పక్షి అన్నమాట. కాగితం మీద ఇది పిచ్చి కాదు, అల్యూమినియం మంచి ఇంధనమే. త్సాందెర్ 1931లో మాస్కోలో మొదలైన రాకెట్ల బృందంలో కొరొల్యోవ్‌తో కలిసి పనిచేశాడు. లోహాన్ని కూడా మండించగల ఇంజన్ కోసం తంటాలు పడ్డాడు. 1933 మార్చిలో టైఫస్ జ్వరంతో పోయాడు. ఆయన మొదలుపెట్టిన రాకెట్టు అదే ఏడాది నవంబరు 25న ఎగిరింది గాని, లోహంతో కాదు. మిత్రులు ఆల్కహాలు, ద్రవ ఆక్సిజన్ పోసి ఎగరేశారు. లోహాన్ని సమంగా, ఆగకుండా మంటకు అందించడమే పెద్ద సమస్య. ద్రవం గొట్టంలో పోతుంది. పొడి గొట్టంలో చిక్కుకుంటుంది.

ఆ సమస్యకు అమెరికన్లు రెండు దారులు వెదికారు. మొదటిది, పొడిని కిరోసిన్‌లో కలిపి ముద్దలాంటి ద్రవం చేయడం. క్లీవ్‌లాండ్‌లోని నాకా ప్రయోగశాలలో 1950ల నాటికి మెగ్నీషియంతోనూ బోరాన్‌తోనూ ఇటువంటి ద్రవాలు తయారుచేసి రామ్‌జెట్ దహన గదుల్లో మండించి చూశారు. రెండవది, బోరాన్‌ను హైడ్రోజన్‌తో కలిపి అసలు ద్రవరూపంలోకే తెచ్చేయడం. 1952లో అమెరికా నౌకాదళం ప్రారంభించిన ఈ పనికి ప్రాజెక్ట్ జిప్ అని పేరు. తరువాత వాయుసేన కూడా చేతులు కలిపింది. కోట్లాది డాలర్లతో కర్మాగారాలు లేచాయి. ధ్వనికి మూడింతల వేగంతో పోవలసిన ఎక్స్‌బీ-70 వాల్కిరీ బాంబర్‌కు ఈ పచ్చమంట ఇంధనమే పోయాలనుకున్నారు.

ఆ ద్రవాలు సామాన్యమైనవి కావు. పెంటాబోరేన్ అనే పదార్థం గాలి తగిలితే తనంతట తానే అంటుకోగలదు. పీలిస్తే నరాలను దెబ్బతీస్తుంది. ఆకుపచ్చని మంటతో మండుతుంది కనుక దానికి ఆకుపచ్చ డ్రాగన్ అని ముద్దుపేరు. అయితే పథకాన్ని కూల్చింది విషమొక్కటే కాదు. బోరాన్ మండితే ఏర్పడే బోరాన్ ఆక్సైడు సుమారు 450 డిగ్రీల సెల్సియస్‌కే కరిగి, పాకంలా సాగుతుంది. 1,860 డిగ్రీలు దాటితేగాని ఆవిరి కాదు. ఇంజన్ లోపలి వేడి ఈ రెండిటి మధ్యా ఉంటుంది. అంటే పొగగొట్టంలో మసి పేరుకున్నట్లు, టర్బైన్ రెక్కల మీద గాజు పేరుకుంటుంది. ఖర్చు, విషం, గాజు, మూడూ కలిసి 1959లో ఆ పథకానికి తెరదించాయి. వాల్కిరీ 1964 సెప్టెంబరులో మామూలు కిరోసిన్ జాతి ఇంధనంతోనే ఎగిరింది, మరుసటి ఏడాది మూడింతల వేగాన్నీ అందుకుంది.

మిగిలిన పెంటాబోరేన్‌ను ఏం చేయాలో తెలియక దశాబ్దాలపాటు దాచి ఉంచారు. 2000 ప్రాంతంలో గాని దానిని నీటి ఆవిరితో విడగొట్టి వదిలించుకోలేకపోయారు. ఆ యంత్రానికి డ్రాగన్ సంహారి అని పేరు పెట్టారట. విడగొట్టగా వచ్చినది హైడ్రోజన్, బోరిక్ ఆమ్లం. బోరిక్ ఆమ్లమంటే మరేమీ కాదు, మనం క్యారమ్ బోర్డు మీద చల్లుకునే పొడి. ధ్వనికి మూడింతల వేగంతో బాంబర్‌ను పరుగెత్తించవలసిన పదార్థం చివరికి అలా తేలింది.

నా కథ దగ్గరకు వస్తాను. 1990ల చివర నేను చేరిన ప్రయోగశాలలో ద్రవాల ప్రసక్తి లేదు. బోరాన్ పొడి, అంతే. గోధుమరంగులో, వేలికి అంటితే సబ్బుతో కూడా వదలని మెత్తటి పొడి. దానిని వేడి వాయువులోకి వదిలి, రేణువులు ఎంతసేపటికి అంటుకుంటాయో, ఎంతసేపు మండుతాయో కొలవాలి. చివర ఒక జల్లెడ మీద మిగిలినదానిని పట్టి, తూచి, మండనిదెంతో లెక్కకట్టాలి.

బోరాన్ రేణువు మండే తీరు చూడముచ్చటగా ఉంటుంది. మొదట ఒకసారి మెరుస్తుంది. మంట పట్టుకుందనుకుంటాం. వెంటనే మసకబారుతుంది. మళ్ళీ కొంతసేపటికి, పరిస్థితులు అనుకూలిస్తే, రెండవసారి వెలుగుతుంది; ఈసారి నిజమైన మంట. ఈ రెండు మెరుపుల సంగతి 1969 నాటికే ప్రయోగాల్లో తేలింది. కారణం పైనున్న పెంకు. బోరాన్ రేణువుకు పుట్టుకతోనే పలుచని ఆక్సైడు పొర ఉంటుంది. వేడెక్కిన కొద్దీ ఆ పొర కరిగి రేణువును చుట్టేసుకుంటుంది. ఆక్సిజన్ లోపలికి పోవాలంటే ఆ పాకంలో ఈదుకుంటూ పోవాలి. పోయిన కాస్త ఆక్సిజన్ మళ్ళీ కొత్త ఆక్సైడునే పుట్టించి పొరను మందం చేస్తుంది. మండుతున్న కొద్దీ తన మంటను తానే ఆర్పుకునే ఇంధనం! పొర ఆవిరయ్యేంత వేడి చేరితే అప్పుడు రెండవ మెరుపు. లోపలి బోరాన్ కరగడానికే 2,000 డిగ్రీలకు పైన కావాలి కనుక అది తనంతట తాను పెంకును చీల్చుకుని రాలేదు.

ఇంజన్‌కు అంత ఓపిక లేదు. సెకనుకు 200 మీటర్ల వేగంతో సాగే వాయువు మీటరు పొడవున్న గదిని 5 మిల్లీసెకన్లలో దాటేస్తుంది. మొదటి మెరుపు లోపల, రెండవ మెరుపు తోక వెనుక ఆకాశంలో. ఇది చాలదన్నట్లు, గాలిలో నీటి ఆవిరి ఉంటే బోరాన్ దానితో కలిసి వేరొక వాయువుగా మారి, కొంత వేడిని తన కొంగున ముడివేసుకుని బయటికి వెళ్ళిపోతుంది. 137 అనే అంకె పుస్తకంలోనే ఉండిపోతుంది.

నా జల్లెడ మీద ప్రతిసారీ దాదాపు సగం పొడి మిగిలిపోయేది. గాజు పూత పూసుకున్న గోధుమరంగు రేణువులు. గది పొడవు పెంచితే, లోపలికి వచ్చే గాలిని ఇంకా వేడి చేస్తే ఫలితాలు బాగుపడేవి. అవి మాత్రమే వ్రాయమన్నారు పెద్దాయన. ఆయన చెడ్డవారు కారు. పథకానికి డబ్బిచ్చేవారికి ఒక అంకె మాట ఇచ్చి ఉన్నారు, ఆ అంకె చుట్టూ నలుగురి జీతాలు ఉన్నాయి. నేను పెద్ద సత్యసంధుడిని అనికూడా చెప్పుకోను; అలా వ్రాసిన నివేదిక ఒకటి నా పేరుతోనే ఉంది. రెండవది వ్రాయవలసి వచ్చినప్పుడు చేయి ఆడలేదు. వాదించే ధైర్యమూ లేదు. ఆరోగ్యం బాగాలేదని చెప్పి ఇంటికి వచ్చేశాను.

మా నాన్నగారు కంసాలి పని చేసేవారు. కృష్ణా జిల్లాలో మా ఊళ్ళో అరుగు మీదే కుంపటి, ఊదుగొట్టం, మూసలు. నేను చదువుకోవాలని ఆయన పట్టుదల. నన్ను పనిలో కూర్చోనిచ్చేవారు కాదు. నేనూ ఆ అరుగును దాటుకుని బడికి పోవడమే గాని, అక్కడేం జరుగుతోందో అడిగిన పాపాన పోలేదు. నా చదువు వేరు, అది వేరు అనే భావం ఎప్పుడు నాటుకుందో తెలియదు గాని గట్టిగానే నాటుకుంది.

తిరిగి వచ్చిన పదిరోజులకు, ఏమయిందని ఆయన అడిగారు. విసుగుతోనే చెప్పాను. ఒక పొడిని మండించాలి, దానిమీద పెంకు కరిగి గాజులా కప్పేస్తోంది, గాలి పోనివ్వడం లేదు.

"ఏ పొడిరా?"

"బోరాన్. మీ వెలిగారంలో ఉంటుంది చూడండి, అది."

ఆయన నావైపు విచిత్రంగా చూశారు. రాయి మీద వెలిగారం అరగదీసి, ఆ నీటిని ఈకతో ఒక గొలుసు అతుకు మీద పూశారు. టంకం ముక్క పెట్టి ఊదుగొట్టంతో మంటను దానిమీదికి వంచారు. వెలిగారం తెల్లగా నురగలా పొంగింది, అణగింది, తళతళలాడే గాజుబొట్టయింది. దానికింద టంకం పారింది.

"వెలిగారం మేమెందుకు పూస్తామనుకున్నావు? బంగారంలో రాగి ఉంటుంది. మంట తగిలితే నల్లబడుతుంది. నల్లబడితే టంకం పట్టదు. వెలిగారం కరిగి కప్పేస్తే ఇక గాలి తగలదు. నిప్పుల్లో ఉన్నా లోహానికి నిప్పంటదు. నువ్వు మండించబోయే దాంట్లోనే వెలిగారం ఉంటే అదెట్లా మండుతుందిరా?"

మూడేళ్ళు. దేశదేశాల పత్రాలు. ఎన్ని మిల్లీసెకన్లో, ఎన్ని మైక్రాన్లో. అరుగు మీద పుట్టి పెరిగినవాడినై ఉండి కూడా నాకు ఆ మాట ఒక్కసారి తట్టలేదు. ఆయన చెప్పినదానిలో నాకు తెలియని శాస్త్రమేమీ లేదు నిజమే. బోరాన్ ఆక్సైడు పొర సంగతి నేను మొదటి నెలలోనే చదివాను. అయినా ఆయన ఈకతో పూసినప్పుడు చూసినట్లు అంతకుముందెన్నడూ చూడలేదు.

"చల్లారాక ఈ గాజును ఎలా వదిలిస్తారు?" అని అడిగాను. పాతికేళ్ళ వయసులో మా నాన్నగారి పని గురించి నేను అడిగిన మొదటి ప్రశ్న అది.

"చింతపండు నీళ్ళలో ఉడకబెడతాం. మీరేం వాడతారు?"

నా దగ్గర జవాబు లేదు. నవ్వి ఊరుకున్నాను.

ఈలోగా లోకం ఊరుకోలేదు. గట్టిగా పోట్లాడే బోరాన్‌ను వదిలి, తేలిగ్గా లొంగే మెగ్నీషియాన్ని పట్టుకున్నవాళ్ళు ముందే గట్టెక్కారు. మెగ్నీషియం 650 డిగ్రీలకు కరిగి 1,090 డిగ్రీలకే ఆవిరైపోతుంది. ఆవిరికి పెంకు ఉండదు. కిరోసిన్ మంట ఆరిపోయే చోట కూడా అది నిలబడి మండుతుంది. సోవియట్లు 1967లో సైన్యంలోకి తెచ్చిన కూబ్ క్షిపణిలో మెగ్నీషియం కలిపిన ఘన ఇంధనపు దిమ్మె ఉంటుంది. అది ముందొక గదిలో చాలీచాలని ఆక్సిజన్‌తో సగం మండి, చిక్కని వేడి పొగ అవుతుంది. ఆ పొగ వెనుక గదిలోకి వచ్చి, పక్క గొట్టాల నుంచి దూసుకొచ్చే గాలితో కలిసి పూర్తిగా మండుతుంది. పొడిని గొట్టంలో పంపే తలనొప్పి లేదు. త్సాందెర్‌ను ఏడిపించిన సమస్యకు ఇంత తేలిక పరిష్కారం! 1973 యుద్ధంలో ఇజ్రాయెల్ విమానాలకు ఆ క్షిపణి ఎంత నష్టం చేసిందో తెలిసిందే.

మన హైదరాబాదులోని డీఆర్‌డీఎల్‌లో రూపుదిద్దుకున్న ఆకాశ్ కూడా ఈ కోవలోదే. గణతంత్ర దినోత్సవపు కవాతులో దానిని ఈసారి చూసినప్పుడు నడుము చుట్టూ నాలుగు పొడుగాటి గొట్టాలున్నాయేమో గమనించండి. గాలి మింగే నోళ్ళు అవి. కొత్తగా వచ్చిన ఆకాశ్ ఎన్‌జీకి మాత్రం ఆ గొట్టాలు లేవు. దానిని మామూలు ఘన రాకెట్టుగానే రూపొందించారు. అలాగని గాలి మింగే ఘన ఇంధనపు ఇంజన్‌ను మనవాళ్ళు వదిలేయలేదు, 2018 నుంచి చాందీపూర్ తీరాన మరొక రకం ప్రయోగాలు చేస్తూ వచ్చారు.

ఇక బోరాన్. యూరప్ వారి మీటియోర్ క్షిపణి 2016లో స్వీడన్ వాయుసేనలో చేరింది. దాని ఇంధనంలో బోరాన్ ఉంది. అంటే ఎవరో మండించగలిగారు. ఆ వార్త చదివిన రోజు నాకు కలిగింది సంతోషమా, అసూయా అంటే తేల్చి చెప్పలేను.

ఆ తరువాతే పాత అలవాటుకొద్దీ మళ్ళీ పత్రాలు వెదకడం మొదలుపెట్టాను. బోరాన్ రేణువుల మీది పెంకును వదిలించడానికి చాలామంది చాలా దారులు పట్టారు. మెగ్నీషియంతో పూత పూసి, ఆ మంటతో దీనిని వేడెక్కించడం ఒకటి. ఫ్లోరిన్ కలిసిన రబ్బరునో ప్లాస్టిక్‌నో ఇంధనంలో కలపడం ఇంకొకటి. వేడికి ఫ్లోరిన్ విడుదలై, ఆక్సైడు పెంకును, దాని కింది బోరాన్‌ను కొరుక్కుతిని వాయువుగా మార్చేస్తుంది. ఆ వాయువు సున్నాకు 100 డిగ్రీలు దిగువనే మరుగుతుంది కనుక కొలిమిలో గాజుగా మిగలడమన్న మాటే లేదు. ఈ ఆలోచన నేను ప్రయోగశాలలో ఉన్న రోజుల్లోనూ పత్రాల్లో ఉంది. నా పనికి అవసరం లేదని నేనే దాటేశాను.

పోయిన సంక్రాంతికి ఊరు వెళ్ళినప్పుడు ఆ సంగతి నాన్నగారికి చెప్పాను. ఆయనకిప్పుడు చూపు ఆనడం లేదు. పనిముట్లు మేనల్లుడికి ఇచ్చేశారు. అరుగు మీద పడక్కుర్చీలో కూర్చుని, చెవి దగ్గరగా పెట్టి మొత్తం విన్నారు.

"మీ చింతపండు లాంటిదే ఒకటి దొరికింది నాన్నగారూ. ఫ్లోరిన్ అంటారు. పెంకును వదిలిస్తుంది."

"దాని పొగ మంచిదేనా?"

"కాదు. గాజును కూడా తినేసే ఆమ్లం పుడుతుంది. పీలిస్తే ప్రమాదం."

ఆయన కొంతసేపు ఏమీ అనలేదు. తరువాత, జల్లెడ మీద సగం మిగిలేదన్నావే, ఆ లెక్కలు ఇంకా ఉన్నాయా అని అడిగారు. ఉన్నాయన్నాను. రెండు నోటుపుస్తకాలు, అటక మీద ఇనప్పెట్టెలో.

"దింపు. ఎంత మిగిలిందో, ఎంత పోయిందో చదువు, వింటాను" అన్నారు.

నిచ్చెన కోసం పక్కింటికి వెళ్ళాను.